పేష్ పెట్టని మాట

మోకాలి నొప్పికి కుర్చీలో కూర్చునే చేసుకోదగ్గ వ్యాయామం ఒకటి నిన్న ఫోన్‌లో చూశాను. బొమ్మలతో సహా ఉంది. రేపటి నుంచి చేద్దాం అనుకున్నాను. ఇవాళ పొద్దున లేచి చూస్తే ఆ పేజీ లేదు. ఫోన్ తనలో దాచుకున్న చిట్టా తెరిచాను. ఒక్కరోజులో నేను ఇన్ని చూశానా అని నా మీద నాకే విసుగు పుట్టేంత పొడుగుంది. చీరలు, చింతచిగురు పప్పు, ఎవరిదో పెళ్లి, బస్సు టైములు. నా మోకాలు మాత్రం లేదు. ఏ మాట కొట్టి వెతికినా వేరేవాళ్ల మోకాళ్లు వస్తున్నాయి. బడికి టైమవుతోంది, చాయ్ చల్లారింది. ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాను.

విసిరేసిన ఫోన్ మోగింది. కోరుట్ల నుంచి మా అమ్మ.

"బిడ్డా, నెట్ చాచా పోయిండట. నిన్న మాపటీలి మట్టి గూడ అయిపోయిందట. నాకు గిప్పుడే తెల్సింది."

ఆ మనిషి మాట మా ఇద్దరి మధ్యకు వచ్చి ఎన్నేళ్లయిందో. "పోతవా మరి?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండానే పెట్టేసింది.

మంచం మీద కూర్చున్నాను. చెవిలో ఆయన గొంతు. "ఎప్పుడు జూసినవ్ బిడ్డా? తిన్నంకనా, తినకముందా? ఎవ్వలున్నరు పక్కపొంటి?" తిన్నాకే చూశాను. స్టాఫ్ రూములో. పక్కన హిందీ టీచరమ్మ ఉంది, ఆమే తన మోకాలి గొడవ చెప్తూ నాకు లింకు పంపింది. ఆమె పంపిన మెసేజీ తెరిచాను. వ్యాయామం అక్కడే ఉంది, బొమ్మలతో సహా. దొరికినందుకు సంతోషం కలగలేదు. ఏడుపొచ్చింది.

కోరుట్లలో బస్టాండు వెనక సందులో ఆయన నెట్ సెంటర్. అయిదు కంప్యూటర్లు, అయిదింటికీ రంగు మార్కర్‌తో నంబర్లు, గోడకు ఒక మక్కా బొమ్మ, ఒక కరెంటు కోతల కాగితం. ఆ కాగితంలో రాసిన టైముకు ఏనాడూ కరెంటు పోలేదు, రాయని టైముకు ఏనాడూ ఉండలేదు. అందరూ నెట్ చాచా అనేవాళ్లం. అసలు పేరు ఎంతమందికి తెలుసో. అంతకుముందు ఉర్దూ పెళ్లికార్డులు చేత్తో రాసేవాడట. కంప్యూటర్లొచ్చి ఆ పని పోయింది, అందుకని కంప్యూటర్లే పెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పి తనే నవ్వేవాడు. నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

ఆ కంప్యూటర్లకు ఒక పాడు గుణం ఉండేది. పెన్‌డ్రైవుల నుంచి వైరస్‌లు వచ్చి పడుతున్నాయని ఎవరో మెకానిక్ వాటిలో ఏదో పెట్టి పోయాడు. ఒకసారి ఆపి మళ్లీ వేస్తే చాలు, అంతకుముందు చూసినవన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ఎవరేం చూశారు, ఎక్కడికి పోయారు, ఏదీ మిగలదు. కడిగిన పలక. చాచా దాని గురించి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే.

"మిషిన్‌కు యాది లేదు బిడ్డా. యాది మనకే ఉండాలె."

అందుకని ఆయన దగ్గర ఒక పెద్ద నోటుబుక్కు ఉండేది. రోజూ సాయంత్రం షట్టరు దించబోయే ముందు ఒకటో నంబరు నుంచి అయిదో నంబరు దాకా కూర్చుని, ఆ రోజు ఎవరెవరు ఏం చూశారో అందులో పనికొచ్చే వాటి అడ్రసులు రాసుకునేవాడు. ఉర్దూలో రాసేవాడు. ఇంగ్లీషు అడ్రసును కళ్లతో చూసి, లోపల పలుక్కుని, ఉర్దూలో రాసేవాడు. పెళ్లికార్డులు రాసిన చెయ్యి కదా, ఆ రాత అలా జారుకుంటూ పోయేది. పక్కన వాళ్ల గురుతు. పేర్లు కాదు, గురుతులు. మూడో నంబరు, తెల్ల టోపీ. రెండో నంబరు, హాల్‌టికెట్ పిల్ల. ఆ బుక్కు మనకు వెనకనుంచి మొదలవుతుంది. తెలియక ముందునుంచి తెరిచినవాళ్లను చూసి భుజాలు కదిలేవి.

నాకు ఆ బుక్కు అంటే ఒళ్లు మంట. అప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను, కంప్యూటర్లు ఒక సబ్జెక్టు, నాకు అన్నీ తెలుసు.

"చాచా, మెయిల్ జేస్కుంటె అయిపోతది గదా. నీకు నువ్వే పంపుకో."

"పంపుకున్న బిడ్డా. పాస్‌వర్డ్ యాది లేదు."

"అది గూడ బుక్కుల రాస్కోకపోయినవ్."

"రాసిన. ఏ పేజీల రాసిన్నో గదే యాది లేదు."

కాని ఆయన వెతికి పెట్టడం చూస్తే మాత్రం నోరు మూసుకోవాల్సిందే. సారంగాపూర్ నుంచి ఒకతను వచ్చాడు ఒకరోజు. పసుపు చేనుకు ఆకుల మీద మచ్చలొచ్చాయట, ఆ మచ్చ ఫోటోతో సహా ఒక పేజీ పదిహేను రోజుల కింద ఇక్కడే చూశాడట, మందు పేరు మరిచిపోయాడు. పసుపు అని కొట్టి నేను వెతికాను. పసుపు ధరలు, పసుపు లాభాలు, మొహానికి పసుపు. ఆ మనిషి నా వెనక నిలబడి "గిది గాదు, గిది గాదు" అంటుంటే నాకు చిరాకు. చాచా వచ్చి నన్ను లేవమన్నాడు. కంప్యూటర్ వైపు చూడనే లేదు.

"గా దినం నీ ఎంబడి ఎవ్వలో అచ్చిండ్రు గదా పటేలా."

"మా బావ."

"మీ బావ చాయ్ ఒలకవోసిండు. కీబోర్డు ఖరాబయింది. నాలుగో నంబర్ల. రాస్తారోకో తెల్లారి."

నోటుబుక్కులో రాస్తారోకో మరుసటి రోజు తీశాడు. నాలుగో నంబరు. వేలు పెట్టి చూపించాడు. అడ్రసు కొట్టాడు. పసుపు ఆకు మీద మచ్చ వచ్చింది. రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో మాకు అందరికీ తేదీల కంటే ఇవే గుర్తుండేవి. రాస్తారోకో ముందా, బంద్ తరువాతా, ర్యాలీ నాడా. ఆయన దుకాణం మొత్తం ఆ క్యాలెండరు మీదే నడిచేది.

నాకు ఆయనతో అంత పని ఎందుకు పడిందో చెప్పాలి. మా బాపుది సిరిసిల్ల. పవర్‌లూమ్ మీద పని. సాంచాలు సరిగ్గా నడవక గల్ఫ్ పోయాడు. అప్పుడు అమ్మ మమ్మల్ని తీసుకుని కోరుట్లలో తన తల్లిగారింటికి వచ్చి బీడీలు చేసుకుంటూ ఉంది. బాపు పాస్‌పోర్టులో పేరు పొడుగు. కోరుట్లలో మాత్రం అందరికీ సిరిసిల్ల రాజం. అక్కడి నుంచి వచ్చిన అల్లుడు కాబట్టి అదే ఇంటిపేరైపోయింది. వారం వారం ఫోన్ చేసేవాడు. ఒక వారం చేయలేదు. ఆ తరువాత ఆ నంబరు పనిచేయలేదు. కంపెనీకి చేస్తే మా దగ్గర లేడు, వెళ్లిపోయాడు అన్నారు. ఆరు నెలలు గడిచాయి. అమ్మ తిరగని ఏజెంటు ఇల్లు లేదు. నేను రోజూ నెట్ సెంటర్‌కు వెళ్లి పాస్‌పోర్టు పేరు కొట్టి వెతికేదాన్ని. పేరులో ఒక అక్షరం మార్చి, రెండు మార్చి. ఏమీ వచ్చేది కాదు.

సమ్మె మొదలైంది. బస్సులు లేవు, కాలేజీ లేదు. బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. ఆ రోజు అయిదో నంబరు దగ్గర కూర్చున్నాను. ఒక పేజీలోంచి ఇంకోదాంట్లోకి, అందులోంచి మరోదాంట్లోకి నొక్కుకుంటూ పోయాను. ఎక్కడో ఒక మలయాళం నర్సమ్మ తన సొంతంగా పెట్టుకున్న పేజీ వచ్చింది. గల్ఫ్‌లో ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఎవరూ రాక పడి ఉన్న మనవాళ్ల వివరాలు కాగితం మీద చేత్తో రాసి ఆ కాగితాన్ని ఫోటో తీసి పెట్టింది. వరసగా చదువుతూ వెళ్లాను. ఏడో వరస. నలభై అయిదేళ్లుంటాయి, తలకు దెబ్బ, కాగితాలు లేవు, మాట సరిగ్గా రాదు, అడిగితే సిర్సిల్ల రాజం అని మాత్రం అంటాడు.

నేను లేచి నిలబడ్డాను. అదే నిమిషంలో కరెంటు పోయింది.

ఆ దుకాణంలో కరెంటు పోతే బ్యాటరీ పెట్టె కూత పెట్టేది. అది పాతది, నాలుగు నిమిషాలే ఆగేది. ఆ నాలుగు నిమిషాలు చాచాను చూడాలి. నోటుబుక్కు ఒక చేతిలో, పెన్ను నోట్లో, లుంగీ ఎగ్గట్టి ఒకటో నంబరు నుంచి పరుగు. "ఆగుండ్రి, ముట్టకుండ్రి, ముట్టకుండ్రి." అప్పటికే తెరిచి ఉన్నవన్నీ గబగబా రాసుకుంటూ వచ్చేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. ఆ రోజు నేను నవ్వలేదు, ఆగలేదు కూడా. అడ్రసు రాసుకోవాలన్న సోయి లేదు. అక్కడ ఫోన్ నంబరు ఉందేమో చూడాలన్న ఆలోచన లేదు. ఉన్నపళంగా ఇంటికి పరుగెత్తాను, అమ్మకు చెప్పడానికి. బాపు ఉన్నడు, బాపు ఉన్నడు అని అరుచుకుంటూ.

అమ్మను వెంటబెట్టుకుని తిరిగి వచ్చేసరికి అయిదో నంబరు నల్లగా ఉంది. చాచా దాని ముందు నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఒక్క మాట వట్టిన బిడ్డా. కడమది అందలే. బంద్ అయింది."

బుక్కు చూపించాడు. నాకేం అర్థమవుతుంది.

"ఏం మాట?"

ఆయన చూశాడు. "కర్నా" అన్నాడు.

కర్నా అంటే ఉర్దూలో చేయడం. అది మొదలు, తరువాత ఏదో ఉంది, అది పోయింది. సరే, కరెంటు వచ్చాక కర్నా కొట్టాం. కర్నా పక్కన ఆసుపత్రి కొట్టాం, గల్ఫ్ కొట్టాం, నర్సు కొట్టాం, ఇండియన్ కొట్టాం. సిర్సిల్ల రాజం అని కొట్టాం. అది ఫోటోలో ఉన్న చేతిరాత, కంప్యూటర్‌కు దాన్ని చదవడం రాదు కదా, దొరకలేదు. నేను నొక్కుకుంటూ పోయిన దారి నాకు గుర్తులేదు. చాచా అడిగేవాడు. "ముంగట ఏం జూసినవ్? పేజీ ఏ రంగుండె?" నీలం అన్నాను. గట్టిగా చెప్పాను, నీలమే అని. పచ్చగా ఏదైనా వస్తే ఆయన నా మాట మీద దాన్ని దాటేసేవాడు.

అమ్మ బీడీల చాట పక్కన పెట్టేసింది. పొద్దున్నే వచ్చి దుకాణం గడప మీద కూర్చునేది. "దొరికిందా భాయ్?" అని అడిగేది. కరెంటు వచ్చినప్పుడు అడిగేది, పోయినప్పుడు అడిగేది. చాచా ప్రతిసారీ "ఎతుకుతున్నం చెల్లె" అనేవాడు. మూడో రోజుకు నాకు ఆ మాట వింటే పిచ్చెక్కేది. వారం దాటేసరికి ఆ నోటుబుక్కును చింపి పోగులు పెట్టాలనిపించేది. చూడు, ఈ మనిషి ప్రపంచంలో ఉన్న పనికిరాని అడ్రసులన్నీ రాసుకున్నాడు, మా బాపుది తప్ప. తప్పు నాదని లోపల తెలుసు. తెలుసు కాబట్టే ఆయన మీద కోపం.

పన్నెండో రోజు రోడ్డు మీద వంటావార్పు. బస్టాండు ముందు పొయ్యిలు పెట్టారు, ట్రాఫిక్ ఆపేశారు, పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది, ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు. డప్పులు. చాచా కూడా తన వంతు ఉల్లిగడ్డలు కోయడానికి వెళ్లాడు. నేను అయిదో నంబరు ముందు కూర్చుని కర్నా కర్నా కొడుతూ ఉన్నాను. బయట ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. అన్ని గొంతుల మధ్య ఒకావిడ గొంతు తీగలా సాగింది.

"ఓ కరుణా, ఉప్పేసినవా లేదా? కరుణా, నిన్నే."

అరనిమిషం కాలేదు, చాచా లోపలికి వచ్చాడు. కత్తి చేతిలోనే ఉంది, కళ్లలో ఉల్లిగడ్డ నీళ్లు. నోటుబుక్కు లాక్కుని ఆ పేజీ తీశాడు. చూశాడు. కూర్చోకుండానే అన్నాడు.

"బిడ్డా, కర్నా గాదు. కరుణ."

ఏమైందో అప్పుడు చెప్పాడు. ఉర్దూలో పొట్టి అచ్చులకు అక్షరాలుండవు, చిన్న చిన్న గుర్తులే ఉంటాయి. కింద గీత పెడితే జేర్, ఇ అవుతుంది. పైన గీత జబర్, అ అవుతుంది. పైన చిన్న కామాలాంటిది పెడితే పేష్, ఉ అవుతుంది. చిన్నపిల్లల వాచకంలో తప్ప అవి ఎవరూ పెట్టరు. చదివేవాడికి మాట ముందే తెలిసి ఉంటుంది, పెట్టాల్సిన పని ఉండదు. ఆయన కూడా ఎన్నడూ పెట్టలేదు. నాలుగు నిమిషాల్లో అయిదు కంప్యూటర్ల మధ్య పరుగెత్తే మనిషి అసలే పెట్టడు. తెర మీద కరుణ అని చూసి క, ర, న రాసి చివర దీర్ఘం లాగాడు. తరువాత చదివితే కళ్లకు తెలిసిన మాటే కనబడింది. కర్నా.

"గా అచ్చులన్ని ఎక్కడుంటయి మరి?" అని అడిగాను, అప్పుడు కూడా.

"యాదిల ఉంటయి బిడ్డా," అన్నాడు. అని, తల దించుకున్నాడు.

కరుణ అని కొట్టి పక్కన నర్సు అని కొడితే రెండో వరసలో వచ్చింది. పేజీ పచ్చగా ఉంది. నీలం కాదు. కాగితం ఫోటో కూడా అదే, ఏడో వరస అక్కడే ఉంది. కాని ఆ వరస మీద ఎర్ర పెన్నుతో ఒక గీత కొట్టి ఉంది. కింద నర్సమ్మ నంబరు. చాచా తన ఫోన్ తీశాడు. ఆమెకు హిందీ వచ్చు, మాకు అంతంత మాత్రం, ఆయనే మాట్లాడాడు. జీ, జీ, అన్నాడు చాలాసేపు. అమ్మ గడప మీది నుంచి లేచి వచ్చి ఆయన మొహం చూస్తూ నిలబడింది. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. మధ్యలో ఆయన ఒక చేత్తో కుర్చీ అంచు పట్టుకున్నాడు.

"పోయి నాలుగొద్దులాయెనట చెల్లె," అన్నాడు ఫోన్ పెట్టేసి. "ఎవ్వలన్న ఇంటోళ్లు ఫోన్ల మాట్లాడ్తె చెవుల పెడ్దమనుకున్నదట. ఎదురు జూసిందట ఆ నర్సమ్మ. మనూళ్ల మాట ఇంటె కండ్లు తెరుస్తుండెనట."

అమ్మ అక్కడే కూలబడింది. నేను లేచి ఆయన చేతిలోని నోటుబుక్కు గుంజుకుని నేలకేసి కొట్టాను. దుకాణం నిండా జనం, ఏడుపు విని వచ్చినవాళ్లు.

"తెలుగుల రాస్తె నీ చెయ్యి ఇరుగునా? అచ్చులు లేని రాత రాస్తివి. మా బాపు చెవుల నేను ఒక్క మాట అనకుంట జేస్తివి."

జనంలో ఎవడో వెనకనుంచి "తెలుగు దేశంల ఉండి తెలుగుల రాయరు గీళ్లు" అన్నాడు. ఆ మాట నాది కాదు. కాని దానికి తలుపు తీసింది నేనే. అందరి ముందర ఆయన మొహంలో రక్తం లేకుండా పోవడం చూశాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నువ్వు పరుగెత్తకపోతే నంబరు అప్పుడే దొరికేది కదా అనలేదు. నీలం అన్నది నువ్వే కదా అనలేదు. ఆ రెండూ ఆయనకు తెలుసు. వంగి నోటుబుక్కు తీసుకుని, దుమ్ము దులిపి, "నిజమే బిడ్డా" అన్నాడు.

సమ్మె అయిపోయాక చాలా రోజులకు పెట్టెలో బాపు వచ్చాడు. సిరిసిల్లలో బాపు అన్నదమ్ముల దగ్గరే అన్నీ చేశాం. చాచా అక్కడికి కూడా వచ్చాడు, రెండు బస్సులు మారి. దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆయన చూస్తున్నాడని తెలిసి నేను మొహం తిప్పుకున్నాను. ఆ తరువాత ఆ సందులో అడుగు పెట్టలేదు. అవసరమైతే మెట్‌పల్లి పోయి నెట్ చూసుకున్నాను. మా అమ్మ మాత్రం కూరగాయలకు పోతే ఆయనను పలకరించి వచ్చేది. నాకు చెప్పేది కాదు, కాని సంచీలో ఆయన ఇంటి చెట్టు జామకాయలు ఉండేవి. అమ్మ ఆయనను ఏనాడో మన్నించిందో, అసలు మన్నించాల్సిందే లేదనుకుందో నేనడగలేదు. ఒక్కసారైనా పోయి తప్పు నాదే చాచా అని చెప్పి ఉండవచ్చు. రాష్ట్రం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాను. గంట ప్రయాణం కూడా లేదు. పోలేదు.

ఇవాళ పోయాను. బడికి సెలవు చెప్పి బస్సెక్కాను. సందులో ఇప్పుడు నెట్ సెంటర్ లేదు, ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఇల్లు ఆ వెనకే. వాకిట్లో చాప మీద ఆడవాళ్లు కూర్చున్నారు. చాచా బిడ్డ నన్ను చూసి లేచి వచ్చింది. ఆమె ఉర్దూ బడిలో టీచరు, నాకంటే రెండేళ్లు చిన్నది. చిన్నప్పుడు దుకాణంలో చూసిన మొహం.

"అక్కా, నువ్వు అస్తవని అమ్మీ అన్నది. నేను రాదన్న."

కూర్చున్నాను. నీళ్లిచ్చింది. చివరి రోజుల్లో ఆయన ఎవరినీ గుర్తుపట్టలేదట. బిడ్డను కూడా మీరెవరమ్మా అని అడిగేవాడట. అంత యాది ఉన్న మనిషి. నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు.

ఆమె లోపలికి వెళ్లి నోటుబుక్కులు తెచ్చింది. నాలుగున్నాయి. "అబ్బా మంచిగున్నప్పుడే చెప్పిండు. సిరిసిల్ల రాజం బిడ్డకు ఇయ్యుమన్నడు."

"నాకెందుకమ్మా, నాకు ఉర్దూ రాదు గదా."

"నేను గూడ గదే అన్న. సదువుతది తియ్యి అన్నడు."

మొదటి బుక్కు తెరిచి చూపించింది, అటునుంచి. పేజీల నిండా ఆ జారుడు రాత, ఒకదాని మీద ఒకటి వాలిపోతూ. పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది. అక్కడ ఒక మాట మీద ఎర్ర సిరాతో ఏదో చిన్నది పెట్టి ఉంది, ఆ ఒక్కటే ఎర్రగా.

"గిది తరువాత పెట్టిండు అక్కా. సిరా వేరే ఉన్నది."

"ఏందది?"

"పేష్."

ఇంకొన్ని పేజీలు తిప్పింది. నాకు ఉర్దూ రాకపోయినా తేడా తెలిసింది. రాత నిలబడి ఉంది. ఒక్కో అక్షరం విడివిడిగా, పైనా కిందా చిన్న చిన్న గీతలు, కామాలు. ఆ పేజీ మొత్తం అలాగే. తరువాతి పేజీ కూడా. ఆమె తిప్పుతూ పోయింది. రెండో బుక్కు, మూడోది. పసుపు మచ్చలు, హాల్‌టికెట్లు, రేషన్‌కార్డులు, బస్సు టైములు, దుకాణం మూసేదాకా ఆయన రాసిన ప్రతి మాట మీదా ప్రతి గుర్తూ పెట్టి ఉంది. నాలుగు నిమిషాల్లో పరుగెత్తి రాసే మనిషి.

"మా ఒకటో తరగతి పిల్లల కితాబు లెక్క రాసిండక్కా. నేను నవ్వేదాన్ని. గింత మెల్లగ రాస్తె కరెంట్ పోతది అబ్బా అంటె, పోతె పోనీ, సదివెటోళ్లు ఆగం గావద్దు అనేటోడు."

నేను మొదటి బుక్కు మళ్లీ అందుకుని ఎర్ర గుర్తు ఉన్న పేజీ వెతికాను. దొరకలేదు, తప్పు వైపు నుంచి తెరిచాను. ఆమె తిప్పి ఇచ్చింది. నా వేలు పట్టుకుని కుడి నుంచి ఎడమకు నడిపించింది, ఒక్కో అక్షరం చెప్తూ. క. ర, దాని మీద పేష్, రు. న. దాని కిందనే ఇంకో వరస ఉంది, అది కూడా ఎర్ర సిరానే, అన్ని గుర్తులతో. అక్కడ ఆమె వేలు తీసేసింది.

"గిది నువ్వే సదువక్కా."

స కింద గీత. ర. మళ్లీ స, కింద గీత. ఒక్కో గుర్తుకూ ఆమె మొహం వైపు చూస్తూ, ఆమె తల ఊపితే ముందుకు పోతూ, చాలాసేపు పట్టింది. సిర్సిల్ల రాజం. ఇన్నేళ్లలో ఆ పేరును నేను గట్టిగా పలికింది అప్పుడే.